మా అవ్వ పోయాక నాలుగు నెలలు

2023 నవంబరు 23, గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకు మా అవ్వ పోయింది. ఇంట్లో కాదు, వాకిట్లో వేపచెట్టు కింద, నులకమంచం మీద. మూడు వారాలుగా ఒకటే పోరు, "నన్ను బయట పండుకోబెట్టండ్రా" అని. కార్తీకమాసపు చలి, మంచు, దోమలు అంటూ పెద్దమామ ఒప్పుకోలేదు. ఇంక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశాక, ఇంక దేనికి భయం అని మంచం బయటికి మోశారు. రెండు రాత్రులు హాయిగా నిద్రపోయింది. మూడో రాత్రి పడుకుని మళ్లీ లేవలేదు.

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. మా చిత్తూరు వైపు అటు అమ్మమ్మా అవ్వే, ఇటు నాయనమ్మా అవ్వే. ఊరు చంద్రగిరి దగ్గర. వాకిట్లో నిలబడితే ఎదురుగా శేషాచలం కొండ. ఇంట్లో ఒక మనిషి పోయాక ఏ పని ఎప్పుడు పడుతుందో, ఏ కాగితానికి ఎన్నాళ్లో నాకు ముందు తెలియదు. పోయిన మనిషిని తలుచుకోవడానికి ఆ పన్నెండు రోజుల్లో తీరికే దొరకదన్న సంగతి అసలే తెలియదు. అందుకే ఇది రాస్తున్నా.

మొదటి రోజంతా డబ్బు లెక్కలే. చిన్నమామ బెంగళూరు నుంచి రావాలి కాబట్టి ఐస్ పెట్టె తెప్పించాం, 3,500. కట్టెలు 9,000. పూలు, పాడె, పలకలు వాయించేవాళ్లు, బండి, వచ్చినవాళ్లకు టీలు, అన్నీ కలిపి సాయంత్రానికి 31,000 అయింది. కట్టెల ఆయనకు నోట్లే కావాలి. చంద్రగిరిలో రెండు ఏటీఎంలు తిరిగాను, ఒకదాంట్లో డబ్బుల్లేవు. పలకలవాళ్లు మాత్రం ఫోన్‌పే అడిగారు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "ఏకాదశి చావు, పుణ్యాత్మురాలు." పదోసారి విన్నాక, ఆమె గురించి చెప్పడానికి వీళ్లకు ఇంకేమీ లేదా అని కోపం వచ్చింది. అది తప్పేనని తరవాత తెలిసింది. అది వాళ్లు ఏడవడానికి ముందు అనే మాట.

రెండో రోజు ఫొటో గొడవ. ఫ్రేము కట్టించాలి, ఫ్లెక్సీ వేయించాలి. అవ్వ స్టూడియోలో దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఎండలో కళ్లు చికిలించి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, చేతిలో కట్టెతో ఉన్నవే. ఒకదాంట్లో కలేపండ్లు తింటూ నోరంతా ఊదారంగు. చివరికి శ్రీవారి మెట్టు దారిలో బెంగళూరు మరదలు తీసిన ఫొటో ఒకటి తేలింది. వాట్సాప్‌లో పంపితే మసకగా వస్తోందంటే, మెయిల్లో తెప్పించాను. ఫ్లెక్సీ అతను కట్టె తీసేసి, వెనక అడవి తీసేసి, నీలాకాశం పెట్టి, కింద తామరపూలు వేసి తెచ్చాడు. "నవ్వు కూడా కొంచెం తగ్గించమంటారా?" అని అడిగాడు పాపం, నిజంగానే. నవ్వు ఉండనిమ్మన్నా. కట్టె తిరిగి పెట్టడం కుదరదన్నాడు. కట్టె లేని అవ్వ, బరువు ఎక్కడ మోపాలో తెలియక కుడిపక్కకు ఒరిగినట్టు ఉంది అందులో. 1,200 ఇచ్చి తెచ్చుకున్నాం.

దినం పత్రికలో వయసు వేయాలి. ఆధార్‌లో 01-01-1945. ఎవరో అంచనాకు రాసేసిన తేదీ. ఆ లెక్కన 78. అవ్వ లెక్క వేరు. వాళ్ల నాయన ఆమెను భుజం మీద ఎక్కించుకుని మెట్లదారిన కొండకు తీసుకుపోయాడట. ఆ మరుసటి ఏడు ఘాట్‌రోడ్డు పడింది, బస్సులు పోతాయని ఊరంతా చెప్పుకున్నారట. "ఆ ఏడే నాకు పాలపండ్లు ఊడినాయి" అనేది. తిరుమలకు మొదటి ఘాట్‌రోడ్డు 1944లో తెరిచారు. ఆరేళ్ల పిల్ల అనుకుంటే 1938లో పుట్టినట్టు. 85 అని వేయించాం. పత్రికలో ఇంకో నాలుగు వరుసలు రాసిచ్చాను, కొండలంటే ఆమెకు ఎంత ఇష్టమో. "పత్రికలో అయన్నీ బాగుండవు పాపా" అని పెద్దాయనొకరు కొట్టేసి, కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్ల పేర్లు వరసగా వేయించారు. ఆయన తప్పేం లేదు. పత్రిక మనుషులను పిలవడానికి.

మూడో రోజు పాలు పోసి, ఎముకలు ఏరి, కొత్త ముంతలో పెట్టి తెల్లగుడ్డతో మూతి కట్టారు. ఆ ముంత ఇంట్లోకి తేకూడదు. ఊరి బయట ఏటిగట్టు మీద చింతచెట్టు కొమ్మకు కట్టారు. ఆ చెట్టుకింద నేను చిన్నప్పుడు గచ్చకాయలాడాను. చింతచిగురు కోయడానికి డెబ్బై ఏళ్ల వయసులో అవ్వ ఎక్కితే, దింపడానికి మామ నిచ్చెన తెచ్చింది ఆ చెట్టుకే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. పెద్దమామ మాత్రం ముడి వేస్తూ రెండుసార్లు పైకి చూశాడు.

ఎనిమిదో రోజు కలపాలనుకున్నాం. స్వర్ణముఖి మా ఊరి పక్కనే, కానీ ఆ ఏడు వానల్లేవు. ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. చెలమ తవ్వితే నీళ్లు వస్తాయి, అందులో కలిపేద్దాం, చాలామంది అట్లే చేస్తారు అన్నారు పెద్దలు. ఇద్దరు పిల్లోళ్లు మోకాలి లోతు తవ్వారు, ఎర్రటి నీళ్లు ఊరాయి. పెద్దమామ ముంత చేత పట్టుకుని అట్లే నిలబడిపోయాడు.

"బతికినన్నాళ్లు పారే నీళ్లు ఎతుక్కుంటా తిరిగిన మనిషి. చెలమలో ఎట్ల కలిపేదిరా?"

మళ్లీ తెచ్చి చెట్టుకు కట్టేశాడు. పదో రోజు లోపల కలపాలని కొందరు గట్టిగానే అన్నారు. అయ్యవారిని అడిగితే, "నీళ్లొచ్చినాక కలుపుకోండి, ఆమేం తొందర పడదు" అన్నాడు. ఆయన మీద నాకు అప్పటిదాకా పెద్ద గౌరవం లేదు.

డిసెంబరు 1 పొద్దున్నే వలంటీరు అమ్మాయి వచ్చింది. నెల నెలా ఒకటో తారీకు పింఛను ఇచ్చేది ఆ పిల్లే. అప్పటికి 2,750. అవ్వ పోయిందని తెలుసు, అయినా కాళ్లు ఇటే వచ్చాయంది. వేలిముద్ర పడక అవ్వ ప్రతిసారీ బొటనవేలు చీరకొంగుకు రుద్దుకునేది. కట్టె పట్టి, ముళ్లు గీరుకుని, అరిగిపోయిన వేలు. "ఐదారుసార్లు పెట్టిస్తేగానీ మిషన్ ఒప్పుకునేది కాదక్కా" అని ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, మరణ ధ్రువపత్రం వచ్చాక ఒక జిరాక్సు ఇమ్మని చెప్పి పోయింది.

పెద్దదినం డిసెంబరు 4, సోమవారం. రెండు వందల యాభై మందికి వంట చెప్పాం. ఆదివారం రాత్రి నుంచే వాన. మిచాంగ్ తుఫాను. టీవీలో చెబుతూనే ఉన్నారు, మేం పట్టించుకోలేదు. పెద్దదినం వాయిదా వేసేది కాదు కదా. తెల్లారేసరికి షామియానా నీళ్లు నిండి పొట్టలా వేలాడుతోంది. ఎనిమిదింటికి కూలిపోయింది. కరెంటు లేదు. పిండాలు వరండాలో ఒక మూల పెట్టించారు. కాకి కోసం పావుగంట చూశాం. ఆ వానలో ఏ కాకి వస్తుంది? చిన్నమామ గొడుగు పట్టుకుని పెరట్లో నిలబడి "రా అమ్మా, తడిసినా రా" అని పిలిచాడు. ఎక్కడినుంచో తడిసి ముద్దయిన కాకి ఒకటి వచ్చి వాలింది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. కాకులకు ఆకలి ఉంటుంది, అంతే అని కూడా నాకు తెలుసు.

వచ్చింది తొంభై మంది. మిగిలిన అన్నం, వడలు, పాయసం బళ్లో తలదాచుకున్న గుడిసెలవాళ్లకు పంపించాం. తొంభై మందిలో నలభై మంది తిరిగి పోలేక మా వరండాలోనే చిక్కుకుపోయారు. ఫోన్లకు చార్జింగ్ లేదు, సిగ్నల్ లేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి చీకటి పడేదాకా చేసేదేం లేక మాట్లాడుకున్నారు. అవ్వను తలుచుకోవడం అంటే అదీ. పన్నెండు రోజుల్లో మొదటిసారి.

మేకలు కాసే పెద్దాయన మొదలుపెట్టాడు. తాత చనిపోయాక, చెనక్కాయ చేనికి రాత్రిళ్లు కావలి ఎవరుంటారని ఊరంతా అనుకుంటుంటే, అవ్వే మంచె ఎక్కిందట. అడవిపందులు కొండ దిగి వచ్చే కాలం. రేకుడబ్బా వాయిస్తూ, కేకలేస్తూ, తెల్లార్లూ ఒక్కతే. "మాకెవరికీ గడియారం లేదు. పిల్లలకోడి నడినెత్తికొచ్చింది, ఇంక పందులు రావు, పండుకోండిరా అని పక్కచేన్లోళ్లకు అరిచి చెప్పేది" అన్నాడు. పిల్లలకోడి అంటే ఆకాశంలో కృత్తికల చుక్కలు. అదీ, గొర్రుకొయ్యలు, వేగుచుక్క నాకూ చూపించింది అవ్వ, మిద్దె మీద పడుకున్నప్పుడు. అవి కథల కోసం చెప్పేదనుకున్నా గానీ, వాటితో రాత్రిళ్లు కొలుచుకుందని ఆ రోజే తెలిసింది.

ఎదురింటి అత్త తలకోన కథ చెప్పింది. నలుగురు ఆడవాళ్లను పోగేసి, నేరబైలు దాకా బస్సు, అక్కణ్ణుంచి నడక. 270 అడుగుల జలపాతం చూసి మిగతావాళ్లు చాలనుకున్నారు. అవ్వకు మాత్రం గిల్లతీగ చూడాలి, తాచుపాముల్లా మెలికలు తిరిగి అడవంతా పాకిన తీగ. "ఇంకో రెండడుగులే, ఇంకో రెండడుగులే అని మూడు మైళ్లు నడిపించింది, నా చెప్పు తెగింది, తిరిగొచ్చేతలికి ఆఖరి బస్సు పోయింది" అని అత్త తిట్టడం మొదలుపెట్టి, నవ్వి, చివరికి ఏడ్చింది. ఆ రాత్రి ఎవరో తెలియని ఇంటి అరుగు మీద పడుకున్నారట నలుగురూ.

మా అమ్మ ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. తాత ఉన్నన్నాళ్లు అవ్వను ఎక్కడికీ పోనిచ్చేవాడు కాదు. "ఆడదానికి అడవిలో ఏం పని?" అందుకని ఆమె దారి కనిపెట్టింది. ప్రతి ఏటా ఫాల్గుణ పున్నమికి తుంబురు తీర్థ ముక్కోటి, తిరుమల అడవిలో ఒక కోనకు నడిచిపోయి ధార కింద మునిగే పండగ. తరిగొండ వెంగమాంబ తపస్సు చేసిందని చెప్పుకునే గుహ ఆ కోనలోనే ఉంది. 18వ శతాబ్దపు కవయిత్రి, వితంతువు, కొండ మీద స్వామినే నమ్ముకుని బతికిన మనిషి. "వెంగమాంబ గుహకు దణ్ణం పెట్టుకుని వస్తా" అంటే తాత నోరు మూసుకునేవాడు. భక్తి లేదని అనను, మూడు నామాలు దిద్దుకుని మరీ పోయేది. కానీ మా అవ్వ తరంలో ఆడమనిషి అడవికి పోవాలంటే దేవుడి చీటీ కావాలి. ఆమె దాన్ని దాదాపు నలభై ఏళ్లు వాడుకుంది.

కొండకు బస్సులో ఎక్కింది ఒక్కసారి కూడా లేదు. దిగేది మాత్రం బస్సే. "దిగేది నడక కాదు, మోకాళ్లకు శిక్ష" అనేది. 2021 నవంబరు వరదలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోతే, ఎప్పుడు బాగుచేస్తారని రోజూ పేపరు చదివించుకునేది. 2022 మేలో తెరిచారు. తరవాతి నెలలో ఎక్కింది, 2,388 మెట్లు, ఐదు గంటలు. అదే ఆఖరు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపినప్పుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తరవాత నడిచే భక్తులకు చేతికర్రలు ఇస్తున్నారని టీవీలో చూపిస్తే, మంచంలోంచే తన కట్టె కోసం చెయ్యి చాపింది.

డిసెంబరు 5 రాత్రికి తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటి పోయింది. మా ఏరు అప్పటికే గట్ల దాకా వచ్చేసింది. వానలోనే పెద్దమామ టార్చి వేసుకుని పోయి ముంత ఉందో లేదో చూసొచ్చాడు. ఉంది, కొమ్మ కూడా విరగలేదు. 7వ తేదీ గురువారం పొద్దున నీళ్లు కాస్త తగ్గాక కలిపాం. ముంత వదిలీ వదలగానే రాళ్ల సందున గిర్రున తిరిగి, తటుక్కున తూర్పుకు పోయింది. పన్నెండు రాత్రులు చెట్టుకు ఉండింది మా అవ్వ. ఆమెకు ఇబ్బందేం ఉండదనుకుంటా.

కాగితాల సంగతి క్లుప్తంగా. మరణం 21 రోజుల లోపల నమోదు చేయిస్తే రుసుము లేదు, తిప్పట తక్కువ. మేం 8న గ్రామ సచివాలయానికి పోతే, తుఫాను నష్టం రాయడానికి సిబ్బంది పొలాల్లో ఉన్నారు. మూడోసారి పోయినప్పుడు, 12న, రాసుకున్నారు. వయసు ఆధార్ ప్రకారమే రాస్తారు. 85 అని ఎంత చెప్పినా 78 అనే పడింది. పత్రం 20న చేతికొచ్చింది. పది కాపీలు తీసుకోండి, మేం నాలుగు తీసుకుని మళ్లీ తిరిగాం. కుటుంబసభ్యుల ధ్రువపత్రానికి జనవరి ఆఖరు దాకా పట్టింది, అందరి ఆధార్‌లలో అవ్వ పేరు మూడు రకాలుగా ఉండడం వల్ల. బ్యాంకులో 11,340 ఉంది. దానికి నామినీ తాత. చనిపోయి నలభై ఏళ్లు దాటిన మనిషి ఆ ఖాతాకు నామినీగా ఎట్లా వచ్చాడో ఎవరికీ అర్థం కాలేదు.

బట్టలు పంచేసేటప్పుడు నేను లేకపోతే ఒక సంచి కూడా పోయేది. గోడ మేకుకు ఎప్పుడూ తగిలించి ఉండే ఖాకీరంగు గుడ్డసంచి. కొండసంచి అనేవాళ్లం. లోపల టార్చి, మడిచిన ప్లాస్టిక్ పట్ట, చిన్న మచ్చుకత్తి, పాతగుడ్డలు, బొరుగుల పొట్లం. బొరుగులు మెత్తబడ్డాయి గానీ పాడవలేదు. అంటే కొత్తవి. ఆ వర్షాకాలంలో, నడవలేని స్థితిలో, ఎవరితోనో తెప్పించి పెట్టుకుంది.

కన్నవాళ్లు పోయిన ఏడాది కొండెక్కకూడదంటారు మాలో. మామలకు, అమ్మకు ఆ పట్టింపు ఉంది. కూతురి కూతురికి మూడు రోజుల మైలే అని అయ్యవారు చెప్పాడు. అట్లా ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. జన్మలో రెండు కిలోమీటర్లు వరసగా నడవనిదాన్ని.

2024 మార్చి 24, ఆదివారం. అవ్వ పోయే తుంబురు తీర్థానికే, ఆమె కొండసంచి భుజాన, ఆమె కట్టె చేతిలో. నాలుగింటికి తిరుపతిలో బస్సెక్కి, కొండ మీద ఇంకో బస్సు మారి, వెలుగు వచ్చేసరికి పాపవినాశనం దగ్గర దిగాను. దేవస్థానం వాళ్లు ఉప్మా, మజ్జిగ ఇస్తున్నారు. గుండెజబ్బు, ఆయాసం, భారీకాయం ఉన్నవాళ్లు పోవద్దని మైకులో చెబుతూనే ఉన్నారు. అక్కణ్ణుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. మొదటి గంట ఫర్వాలేదు. ఆకు రాల్చిన చెట్ల మధ్య కొండగోగు పసుప్పచ్చగా పూసి ఉంది, ఒక్క ఆకు లేకుండా ఒట్టి పూలే. రెండో గంటకు రాళ్లు. నా షూ కొత్తవి, రెండు మడమలూ ఒరుసుకుపోయాయి. చెప్పులు లేని ముసలమ్మలు నన్ను దాటుకుని పోతున్నారు. నాతో తెచ్చుకున్న రెండు లీటర్ల నీళ్లు దారి సగంలోనే ఐపోయాయి. ఇంకెంత దూరమని ఎదురొచ్చే ఒకాయన్ని అడిగితే, "ఇంకో రెండడుగులే" అన్నాడు. నేను ఒక బండ మీద కూలబడి నవ్వాను, తరవాత ఏడ్చాను. ఆయన కంగారుపడి నీళ్లసీసా ఇచ్చి పోయాడు.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుని పచ్చి మామిడికాయ కోస్తోంది. "ఉప్పుందా పాపా?" అని అడిగింది. లేదన్నాను. అలవాటుగా సంచి తడిమితే, లోపలి అరలో, నేను నాలుగు నెలలుగా చూడని అరలో, చిన్న గుడ్డమూట. ఉప్పూ కారప్పొడీ. తుఫాను చెమ్మకు గడ్డకట్టి రాయిలా ఉంది. మచ్చుకత్తి వెనకభాగంతో కొట్టి పగలగొట్టాం. ఆవిడ నాకూ రెండు ముక్కలు పెట్టింది.

"సంచి పాతదే. ఎవరిది?"

"మా అవ్వది."

"ఆమె రాలా?"

"ఈ తూరి రాలా."

కోనలో దిగాక చల్లదనం ఒక్కసారిగా ఒంటిని పట్టుకుంది. రెండు పక్కలా నిట్టనిలువు బండలు, మధ్యలో నీళ్లు, తాడు పట్టుకుని నడవాలి. చెప్పుకున్నట్టు మనసంతా ప్రశాంతం ఏమీ కాలేదు నాకు. ఫోను తడుస్తుందేమో, కాలు జారుతుందేమో అన్న గాభరాలోనే ధార కిందికి పోయాను. వెంగమాంబ గుహ వైపు దణ్ణం పెట్టాను. కట్టె ఒకసారి నీళ్లలో ముంచి తీశాను, ఎందుకో చెప్పలేను.

రాత్రి ఎనిమిదింటికి ఊరు చేరాను. నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయాను, ఆ లెక్కన అవ్వ మాట నిజమే. పెద్దమామ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. అవ్వ మంచమే, ఇంకా లోపల పెట్టలేదు. దర్శనం అయిందా అని అడగలేదు. గుహ సంగతి అడగలేదు. కట్టె తీసుకుని, తడి ఆరిందా అని చేత్తో తడిమి చూశాడు.

"నీళ్లు పారతా ఉండాయా?"

"ఉండాయి మామా. నడుము లోతు."